బర్మా క్యాంపు గోడమీద ఓడ

విశాఖపట్నం అనగానే మన పల్లెల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి జ్ఞాపకం వస్తుంది. జబ్బుమనిషిని తీసుకుని వెళ్ళినవారికి పెద్దాసుపత్రి, పిల్లలతో వెళ్ళినవారికి సముద్రం, ఉద్యోగం కోసం తిరిగినవారికి ఉక్కు కర్మాగారం గేటు జ్ఞాపకం వస్తాయి. నాకు మాత్రం మా మేనత్త ఇల్లు, ఆ ఇంటి ముందున్న పొట్టి ప్రహరీ గోడ గుర్తుకు వస్తాయి. మొన్న సంక్రాంతి వెళ్ళిన తరువాత మా అత్తను చూడడానికి వెళ్ళినప్పుడు ఆ గోడ దగ్గర జరిగిన సంగతి మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో పాసింజరు ఎక్కితే విజయనగరం, కొత్తవలస, పెందుర్తి మీదుగా బండి సింహాచలం చేరుతుంది. అది దాటగానే గాలి మారుతుంది. ఉప్పు వాసన, ఇనుము వాసన కలిసి వస్తాయి. కిటికీలోంచి కొండలు, వాటి మీదికి ఎగబాకిన ఇళ్ళు కనబడతాయి. ఊరిలో దిగి చూస్తే ఈ మధ్య గోడలన్నీ బొమ్మలే. బీచ్ రోడ్డు పక్క గోడలమీద చేపలు, తాబేళ్ళు, వలలు లాగే జాలరులు. వంతెన స్తంభాల మీద అరకు లోయ ధింసా నృత్యం. నడిచి వెళ్ళేవారు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఊరు తన ముఖాన్ని అద్దంలో చూసుకుంటున్నట్టుగా ఉంది.

మా అత్త ఇల్లు స్టేషనుకు అట్టే దూరం లేదు. కంచరపాలెం వైపు ఆటోవాడితో "బర్మా క్యాంపు" అంటే చాలు, ఇంకేమీ అడగడు. ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం ఆ కుర్రవాడు నవ్వి, "ఏమో సార్, ఎప్పటినుంచో అలాగే అంటారు" అన్నాడు. అరవై ఏళ్ళనాటి సంగతి అప్పుడే "ఎప్పటినుంచో" అయిపోయింది.

రంగూను వెళ్ళిన మనవాళ్ళు

బర్మా అంటే మనకు కొత్త కాదు. పాత ఇళ్ళలో "ఇది బర్మా టేకు తలుపు" అని గొప్పగా చెప్పుకునేవారు. కిరసనాయిలు డబ్బాల మీద బర్మా షెల్ అనే పేరు మన పెద్దలు చూశారు. ఆ కంపెనీ 1976లో ప్రభుత్వపరమై, తరువాత భారత్ పెట్రోలియంగా మారింది. అయితే ఆ దేశంతో మన ప్రాంతానికి ఉన్న బంధుత్వం టేకుతోనో, కిరసనాయిలుతోనో తీరేది కాదు.

ఇంగ్లీషువారి పాలనలో బర్మా చాలాకాలం ఇండియాలో ఒక రాష్ట్రంగా ఉండేది. 1937 ఏప్రిల్ 1న దానిని వేరుచేశారు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి రంగూను వెళ్ళేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ ఇవన్నీ రంగూనుకు దారులే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ తెలుగువారిని "కోరంగీలు" అనేవారు. అక్కడివారి నోట అది గౌరవంగా పలికిన మాట కాదు. కోరంగి రేవు 1789లోనూ 1839లోనూ తుఫానుల ఉప్పెనలకు పాడైపోయింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి కూలివాడి నెత్తిన కూర్చుంది.

కరువు వచ్చిన ఏడు, అప్పు పెరిగిన ఏడు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చేవాడు. ముందుగా కొంత డబ్బు ఇచ్చి, ఓడ ఖర్చు తానే పెట్టుకుని, పడుచువాళ్ళను తీసుకుపోయేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలిలో కోత తప్పేది కాదు. బియ్యం మిల్లుల్లో, రంగూను రేవులో, రైలు మార్గాల్లో, రిక్షాల దగ్గర, ఊరు శుభ్రంచేసే పనుల్లో తెలుగువారే ఎక్కువగా ఉండేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనాభా సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా ఇండియానుంచి వెళ్ళినవారే. బర్మా మొత్తంమీద తెలుగువారు లక్షన్నరకు పైగా ఉండేవారు.

మన సంఘాలకు కూడా ఈ దారి తెలియనిది కాదు. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండను మిషనువారు విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1813లో అడోనిరాం జడ్సన్ రంగూను చేరాడు. తరువాత నెల్లూరు మిషనుకు పునాది వేసిన శామ్యూల్ డే 1836లో మొదట వచ్చింది విశాఖపట్నానికే. శ్రీకాకుళం ప్రాంతంలో పనిచేసిన కెనడా బాప్తిస్టు మిషనెరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు 1880 దశకంలో బర్మా వెళ్ళి, అక్కడి తెలుగువారి మధ్య, తమిళుల మధ్య పనిచేశారు. కూలీలు ఎక్కడికి వెళ్తే వారి పాటలు, వారి ప్రార్థనలు, వారి బళ్ళు కూడా అక్కడికే వెళ్ళాయి.

మా తాత రెండుసార్లు ఇల్లు పోగొట్టుకున్నాడు

మా తాత రంగూను రేవులో మూటలు మోసేవాడు. 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువారు కూలి పెంచమని పని మానుకున్నారు. వారి స్థానంలో బర్మావారిని పనికి పెట్టుకున్నారు. తరువాత రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చేసరికి, పని పోయిన బర్మా కూలీలకూ వీరికీ కొట్లాట రేగింది. అది ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరూ పేదవారే. ఇద్దరి కడుపూ ఖాళీయే. మా తాత అప్పటికి ఇంకా అక్కడికి వెళ్ళలేదు గాని, వెళ్ళిన తరువాత ఆ కథ పెద్దకూలీల దగ్గర విన్నాడట.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. ఓడలలో చోటు డబ్బున్నవారికి దొరికింది. మిగిలినవారు నడిచారు. లక్షలమంది మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని, కొందరు అరకాను కొండల మీదుగా, కొందరు మణిపురం దారిన, ఇంకొందరు ఉత్తరాన హుకాంగ్ లోయ అడవుల గుండా ఇండియా వైపు నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేలమంది తిరిగి రాలేదు.

మా తాత, నాయనమ్మ, వారి మూడేళ్ళ కూతురు ప్రోము దాకా వచ్చి, ఐరావతి నది దాటి, అరకాను కొండల దారి పట్టారు. ఆ పిల్ల తాత భుజాల మీద కూర్చుని వచ్చింది. కొండ దిగేలోగా ఆమెకు కలరా తగిలింది. ఒక సాయంత్రం చెట్టు కింద గొయ్యి తీసి, ఆమెను అక్కడ పెట్టి, తెల్లవారగానే మళ్ళీ నడిచారు. గుర్తుకు ఒక రాయి కూడా పెట్టలేకపోయారు. వెనుక జనం తోసుకుని వస్తున్నారు.

వారు ఎలాగో చిట్టగాంగు చేరి, కలకత్తా మీదుగా రైలులో మన ప్రాంతానికి వచ్చేసరికి ఇక్కడా ప్రశాంతత లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. విశాఖ జనం ఇళ్ళకు తాళాలు వేసి పల్లెలకు పరుగులు తీస్తున్నారు. రంగూనునుంచి తప్పించుకుని వచ్చినవాడికి విశాఖలోనూ అదే చప్పుడు ఎదురైంది.

మరుసటి ఏడు ఊళ్ళో మా నాన్న పుట్టాడు. యుద్ధం ముగిసిన తరువాత భూమి లేక, పని లేక, తాత మళ్ళీ ఓడ ఎక్కాడు. పసివాడైన మా నాన్నను ముత్తవ్వ దగ్గర వదిలిపెట్టారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. 1949లో రంగూనులో మా అత్త పుట్టింది.

ఆమెకు పదమూడేళ్ళప్పుడు, 1962 మార్చి 2న, సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1963, 64 సంవత్సరాలలో కొట్లు, మిల్లులు, వ్యాపారాలు ప్రభుత్వపరం చేశారు. 1964 మే నెలలో యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవని ప్రకటించారు. జీవితమంతా దాచుకున్నది ఒక్క రాత్రిలో కాగితమైపోయింది. ఇండియా వారు లక్షల సంఖ్యలో తిరుగుదారి పట్టారు. మద్రాసుకు, విశాఖపట్నానికి ఓడలు వచ్చాయి. అలా వచ్చినవారికోసం ప్రభుత్వం వేసిన క్యాంపులే తరువాత కాలనీలయ్యాయి. బర్మా, సిలోను నుంచి తిరిగి వచ్చినవారికి అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో రెప్కో బ్యాంకు అనే సహకార బ్యాంకు కూడా ఏర్పడింది.

1965లో మా అత్త పదహారేళ్ళ పిల్లగా విశాఖ రేవులో దిగింది. "నగలు తేకూడదన్నారు బావూ. సెవులకున్నవి కూడా తీసీసి పక్కింటి బర్మా ఆవిడ సేతిలో పెట్టీసినాను. ఆవిడ ఏడ్సింది. నేనైతే ఏడవలేదు. ఓడ అంటే సరదాగా ఉండేది నాకు" అని అత్త చెబుతుంది.

తాతకు అది రెండోసారి. మొదటిసారి కాలినడకన, రెండోసారి ఓడమీద, రెండుసార్లూ ఉత్తచేతులతోనే వచ్చాడు.

గోడ సున్నం గీకిన రోజు

నేను వెళ్ళిన రోజు అత్త ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ప్రహరీ గోడ పాత సున్నం గీకుతున్నారు. వారిలో ఒకడు మా మేనల్లుడు, అంటే అత్త మనవడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువుతున్నాడు. నన్ను చూసి, "మావయ్యా, సమయానికి వచ్చావు. నాన్నతో నువ్వే మాట్లాడాలి" అన్నాడు.

సంగతేమంటే, ఆ గోడమీద నాన్నమ్మ కథను బొమ్మలుగా వేయాలని వాడి కోరిక. ఇరవై అడుగుల పొడవు, మనిషి ఎత్తుకన్నా తక్కువ. "ఊరంతా గోడలమీద చేపలూ తాబేళ్ళూ వేశారు. మన క్యాంపు సంగతి ఎవరు వేస్తారు మావయ్యా?" అని అడిగాడు.

తన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరంలో బెవర్లీ బులెవార్డు పక్కన యూనిదాద్ పార్కు అనే చిన్న తోటలో ఉన్న గోడచిత్రమది. ఎలిసెయో ఆర్ట్ సిల్వా అనే ఫిలిప్పీన్స్ చిత్రకారుడు 1995లో వేశాడు. వంద అడుగులకు పైగా పొడవు. దాని పేరుకు వారి భాషలో "బంగారు చరిత్ర, బంగారు వారసత్వం" అని అర్థమట. ఫిలిప్పీన్స్ దేశంలోని పూర్వకథ మొదలుకొని, ఆ ప్రజలు సముద్రం దాటి అమెరికాలో చేసిన కష్టం వరకు ఆ ఒక్క గోడమీద ఉంది.

వాడు చెబుతుంటే మా తాత సంగతే వింటున్నట్టు అనిపించింది. 1898లో ఫిలిప్పీన్స్ స్పెయిను చేతినుంచి అమెరికా చేతికి పోయింది. 1906నుంచి అక్కడి పల్లె కుర్రాళ్ళు హవాయి దీవుల చెరకు తోటలకు కూలికి వెళ్ళారు. తరువాత కాలిఫోర్నియా పొలాలకు, అలాస్కాలో చేపల్ని డబ్బాలకెత్తే కార్ఖానాలకు వెళ్ళారు. అవమానాలు పడ్డారు. 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలనో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ కూలీలు కూలి పెంచమని పని మానుకున్నారు. వారికి నాయకుడు లారీ ఇట్లియాంగ్. సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికో కూలీలు కొద్దిరోజుల్లో వారితో కలిశారు. రంగూను రేవులో ఇద్దరు పేదలు కొట్టుకున్నారు. డెలనోలో ఇద్దరు పేదలు చేయి కలిపారు. ఆ ఇట్లియాంగు, రచయిత కార్లోస్ బులోసాను మొదలైనవారి ముఖాలు ఆ గోడమీద ఉన్నాయి. గోడ వేసిన ఏడేళ్ళకు, 2002లో, ఆ పేటకు నగర పాలకులు "చారిత్రక ఫిలిపినోటౌను" అనే పేరు ఖాయం చేశారు.

"చూశావా మావయ్యా? వాళ్ళు ముందు బొమ్మ వేసుకున్నారు. పేరు తరువాత వచ్చింది. మనకు పేరు ముందే వచ్చింది. బొమ్మే లేదు" అన్నాడు వాడు.

బావ మాట

సాయంత్రం బావ పనినుంచి వచ్చాడు. ఓడల మరమ్మతు పనుల్లో వెల్డరు. ఫిలిప్పీన్స్ నావికులు అతనికి కొత్తకాదు. ప్రపంచంలో ఏ ఓడ చూసినా వారే ఎక్కువ కనబడతారు. విశాఖ రేవుకు వచ్చే ఓడల్లోనూ వస్తారు. "మంచి పనివాళ్ళు. ఇంటికి ఫోను చేస్తే ఏడుస్తారు" అని మాత్రం అన్నాడు.

గోడ సంగతి ఎత్తగానే ముఖం మార్చుకున్నాడు.

"నాకు ఇష్టం లేదు. చిన్నప్పుడు బడిలో నన్ను పేరుపెట్టి పిలిచినవాడు లేడు. 'ఒరేయ్ బర్మావోడా' అనేవారు. మా అమ్మ బండిమీద ఖౌసే అమ్ముతుంటే, స్నేహితులు వస్తే నేను బండి వెనకాల దాక్కునేవాణ్ణి. ఆ పేరు పోగొట్టుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నా కొడుకు దాన్ని నా గోడమీదే రాస్తానంటున్నాడు. ఆడపిల్ల పెళ్ళికుంది. రేపు సంబంధం కోసం వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

అతని మాటలో అబద్ధం లేదు. మన ఊళ్ళలో కూడా వలస వచ్చినవాణ్ణి ఎన్ని తరాలు గడిచినా ఊరిపేరుతోనే పిలుస్తాం. పనికోసం హైదరాబాదుకో బెంగుళూరుకో పోయిన మన పిల్లలను అక్కడివారు ఏమని పిలుస్తున్నారో మనం అడగము. ఒక మనిషి తన గతాన్ని దాచుకుంటున్నాడంటే దాని వెనుక ఎవరో నవ్విన నవ్వు ఉంటుంది.

నేను బావతో వాదించలేదు. భోజనాలయ్యాక అందరం అరుగుమీద కూర్చున్నాం. అత్త ఆ రోజు మాకోసం ఖౌసే వండింది. కొబ్బరిపాలలో శనగపిండి కలిపి కాచిన పులుసు, అందులో ఉడికించిన నూడుల్సు, పైన ఉల్లిపాయ, కోడిగుడ్డు, నిమ్మరసం. ఆ బండిమీద ఆ పులుసు అమ్మే ఆమె బావను చదివించింది, ఇద్దరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసింది.

మనవడు అడిగాడు. "నాన్నమ్మా, గోడమీద ఏం వేయమంటావు? నీకు ఇష్టం లేకపోతే మానేస్తాను."

అత్త చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఓడ ఎయ్యొద్దులే. ఓడ అందరికీ తెలుసును. మా అక్కను ఎయ్యగలవా?" అంది.

"అక్క ఎవరు నాన్నమ్మా?"

ఆ ఇంట్లో ఆ పిల్ల సంగతి ఎవరికీ తెలియదు. బావకు కూడా తెలియదు. నాకు మా నాన్న చెప్పాడు గనుక తెలుసు. అత్త చెప్పింది. నాన్న భుజాలమీద కూర్చుని వచ్చిన పిల్ల. కొండదారిలో ఉండిపోయిన పిల్ల. "నాను పుట్టినాక అక్క పేరే నాకు ఎట్టినారు. నన్ను పిలిసినప్పుడల్లా మాయమ్మ కళ్ళు ఎక్కడో సూసేవి. నాకు సిన్నప్పుడు తెలిసేది కాదు. ఆ పిల్లకి పొటో లేదు, సమాధి లేదు. నాను పోతే ఆ పిల్ల ఉండేదన్న సంగతే పోతాది."

ఎవరూ మాట్లాడలేదు. వీధిలో ఏదో మోటారు సైకిలు వెళ్ళింది. బావ లేచి లోపలికి పోయాడు.

తెల్లవారి నేను లేచేసరికి గోడ దగ్గర బావ ఉన్నాడు. ఇనుప బ్రష్షుతో మిగిలిన సున్నం గీకుతున్నాడు. నన్ను చూసి, తల ఎత్తకుండానే, "సముద్రపు గాలి బావా. అడుగు శుభ్రం చేయకుండా రంగు వేస్తే ఏడాదిలో ఊడిపోతుంది. వీళ్ళకేం తెలుసు" అన్నాడు.

గోడమీద ఏమున్నది

పని పది రోజులు సాగింది. నేను మధ్యలో ఊరికి వచ్చేసి, మళ్ళీ వెళ్ళి చూశాను. ముందు పగుళ్ళు పూడ్చి, పుట్టీ పెట్టి, అది ఆరాక ప్రైమరు పూశారు. మేనల్లుడు చిన్న కాగితంమీద గళ్ళు గీసి బొమ్మ వేసుకుని, అవే గళ్ళను గోడమీద పెద్దవిగా సుద్దతో గీసి, ఒక్కొక్క గడినీ నింపాడు. పేటలోని పిల్లలు ఆకాశానికీ నీళ్ళకూ రంగులు వేశారు. వారి చేతుల గుర్తులు అక్కడక్కడ కనిపిస్తాయి.

ఎడమ చివర మన శ్రీకాకుళం తాటిచెట్లు, ఎండిపోయిన చెరువు. ఆ పక్క రేవులో మూటలు మోసే మనుషులు. వారిలో తెలుగువారెవరో, బర్మావారెవరో తెలియకుండా ఒకేలా వేశాడు. కావాలనే అలా వేశానన్నాడు. నడుమ కొండదారి. నడిచేవారి ముఖాలు కనబడవు, వీపులే కనబడతాయి. ఒక్క పిల్ల మాత్రం తండ్రి భుజాలమీద కూర్చుని వెనక్కి తిరిగి, వీధిలో నడిచే మనవైపు చూస్తుంటుంది. ఆమె కింద ఆమె పేరు ఒక్కటే రాసి ఉంది. అది అత్త పేరు కూడా కనుక, ఆమె కోరికమీద ఇక్కడ రాయడం లేదు.

తరువాత ఓడ. వద్దన్నా ఓడ వేయక తప్పలేదు, పేటలోని ముసలివారు ఊరుకోలేదు. రోజుకొకరు వచ్చి నిలబడి, ఓడ పొగగొట్టం ఒకటా రెండా అని వాదులాడుకున్నారట. ఒక ముసలాయన తన పెట్టెలోనుంచి రంగూనులో దిగిన పెళ్ళిఫొటో తెచ్చి ఇచ్చాడు. ఇంకొకావిడ తన తండ్రి కూడా అదే కొండదారిన వచ్చాడని చెప్పి, ఆ పిల్ల బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడి వెళ్ళిపోయిందట. ఎదురెదురు ఇళ్ళలో యాభై ఏళ్ళు కాపురం ఉన్న రెండు కుటుంబాలకు తమ పెద్దలు ఒకే దారిన నడిచారని అప్పటిదాకా తెలియదు.

కుడి చివర ఒక తోపుడు బండి, దానిమీద పొగలు కక్కే గిన్నె, వెనకాల నిలబడిన ఆడమనిషి. అది మొదటి చిత్తులో లేదు. బావ అడిగి వేయించాడు. ఆ బండి చక్రం పక్కన నిక్కరు వేసుకున్న కుర్రవాడొకడు ఉన్నాడు. దాక్కోలేదు. ఆమెకు గిన్నె అందిస్తున్నాడు.

"అది నేను చేయలేదు బావా. కానీ వేయమన్నాను" అన్నాడతను. అంతకన్నా ఏమీ అనలేదు.

లాస్ ఏంజెల్స్ గోడతో పోలిస్తే ఇది చిన్నది. దీనిని చూడడానికి ఎవరూ బస్సులు కట్టించుకుని రారు. మన ఎండకు, వానకు, తుఫానుకు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ చెట్లను ఎలా విరిచిందో ఆ పేటవారు చూశారు. అయినా రంగు వెలిసిపోతే మళ్ళీ వేసుకోవచ్చు. ఏం వేయాలో తెలిసినవారు ఇప్పుడు ఇంట్లో ముగ్గురు నలుగురు ఉన్నారు.

విశాఖపట్నం ఇలాంటివారితోనే నిండిన ఊరు. 1933లో రేవు తెరిచారు. 1941లో ఓడల కార్ఖానాకు పునాది వేశారు. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ప్రతిసారీ ఎక్కడెక్కడినుంచో కూలీలు వచ్చారు, అక్కడ ముందునుంచీ ఉన్న ఊళ్ళవారు భూములు వదిలి వేరేచోటికి జరిగారు. ఆ కథలన్నిటికీ గోడలు లేవు.

యొర్దాను నది దాటిన తరువాత యెహోషువ పన్నెండు రాళ్ళు ఎందుకు నిలబెట్టించాడో మన బిడ్డలు సండేస్కూలులో నేర్చుకుంటారు. రేపు పిల్లలు "ఈ రాళ్ళేమిటి?" అని అడగాలని, అడిగితే పెద్దలు చెప్పాలని. అడగడానికి ఏదో ఒకటి కళ్ళెదుట ఉండాలి. మా అత్త ఇంట్లో అరవై ఏళ్ళు అడిగినవారు లేరు, అందుకే చెప్పినవారూ లేరు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనూ పెద్దవారుంటారు. మీ తాతలలో ఒకరు రంగూనుకో, టీ తోటలకో, ఖరగ్‌పూరు రైలు పనులకో వెళ్ళి ఉంటారు. ఆ రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని అడగండి. గోడ లేకపోతే నోటు పుస్తకం చాలు. పేర్లు రాయండి. బతికి వచ్చినవారి పేర్లతో పాటు, దారిలో ఉండిపోయినవారి పేర్లు కూడా రాయండి.

నేను తిరిగి వచ్చే రోజు అత్త కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చింది. గోడమీది పిల్ల బొమ్మను చేత్తో ఒకసారి తడిమి, "మాయమ్మ పోలికే పెట్టినాడు బావూ, ఆడికెలాగ తెలిసిందో" అంది. మేనల్లుడు నా వెనుకనుంచి మెల్లగా, "నాన్నమ్మ ముఖం చూసే వేశాను మావయ్యా" అన్నాడు. నేను ఆటో ఎక్కాను. ఈసారి ఆ ఆటోవాడు గోడకేసి చూసి, "ఇదేంటి సార్, ఎవరిది ఈ కథ?" అని అడిగాడు. స్టేషను చేరేదాకా చెప్పుకుంటూ వచ్చాను.